రిలీవర్ రాని మెయిల్‌బాక్స్

కంప్యూటర్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "మేడమ్, ఏ కోర్సు చేస్తే పైకొస్తాం?" నాకేం తెలుసు! నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి సిస్టమ్స్ ఆఫీసర్‌గా రిటైరైన మనిషిని. మధ్యలో వచ్చిన కోర్సులన్నీ నేను నేర్చుకునేలోపే పాతబడిపోయాయి. ప్రమోషన్లు, సన్మానాలు ఇక్కడ రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలం పనికొస్తున్నాయి. ఈ ఉద్యోగంలో నిజంగా ఏముంటుందో నాకు నేర్పిన ఒక కేసు మాత్రం రాస్తాను. ఇప్పటికీ మధ్యాహ్నం పూట పక్కింట్లో ఎవరిదైనా సెల్‌ఫోన్ బల్ల మీద వణికితే నాకు ఆ కేసే గుర్తొస్తుంది.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ. పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా పేరు ప్రేమలత. అది మార్చలేదు, మార్చినా నా నోటిని బట్టి మావాళ్లు గుర్తుపడతారు.

బోర్డు ముందు

నేను చేరింది ఎనభైల్లో. గేటు పక్క గదిలో టెలిఫోన్ బోర్డు ఉండేది. ఫ్యాక్టరీలో ఉన్న ఒక్కో ఫోన్‌కీ బోర్డు మీద ఒక్కో చిన్న ఇత్తడి మూత. అవతల ఎవరైనా రిసీవర్ ఎత్తితే ఇక్కడ ఆ మూత టక్కున కిందికి పడేది. మేం ప్లగ్గు పెట్టి రెండు ప్రశ్నలు అడగాలి: ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడి నుంచి? ఆ రెండూ వేరువేరు ప్రశ్నలని అప్పట్లో నాకు తట్టలేదు.

నాకు పని నేర్పింది సీనియర్ ఆపరేటర్ మేరమ్మ గారు. మా చర్చిలోనే కొయిర్‌లో పాడేవారు. మొదటి రోజే నా చెవి మెలిపెట్టినంత పని చేశారు. "ఇనుడు తప్పదు పాపా. లైన్ మీద కూసున్నంక అన్నీ చెవుల పడతయి. ఇన్నది మోసుకుంట తిరుగుడు మాత్రం మన పని గాదు. సమజైందా?" అన్నారు. ఎవరి ఇంట్లో ఏ గొడవో, ఏ ఆఫీసరు ఎవరికి భయపడతాడో అన్నీ ఆవిడకు తెలుసు. ఒక్కటంటే ఒక్కటి బయటికి రాలేదు.

ఫ్యాక్టరీ చివర ఒక పాత బ్లాకు ఉండేది. అందులో ఒక ఫిట్టర్ పోయాడు, తర్వాత దాన్ని మూసేశారు. ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ బ్లాకు మూత టక్కున పడింది. తాళం వేసి ఉన్న గదిలోంచి ఎవరు ఫోన్ ఎత్తారు? ప్లగ్గు పెట్టి "ఎవరండీ?" అన్నాను. అవతల ఏదో బుసబుసలాడే చప్పుడు. మేరమ్మ గారు హెడ్‌సెట్ లాక్కుని విని, "కేబుల్ల నీళ్లు సొచ్చినయ్, లైన్‌మన్‌ను పిలువు" అన్నారు. అదే నిజం, తడి ఆరాక ఆగిపోయింది. కానీ ప్లగ్గు తీసే ముందు ఆవిడ ఆ చప్పుడులోకి మెల్లగా "ఉన్నం బిడ్డా" అన్నారు. నీళ్లకెందుకు జవాబు చెప్పారని అడిగాను. "ఎత్తినంక ఏదన్న ఒకటి అనాలె గదా" అన్నారు.

చార్జ్

తర్వాత బోర్డు పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. నన్ను అక్కడ కూర్చోబెట్టారు. నా పాతికేళ్ల తగువు అక్కడే మొదలైంది.

మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్లు, అంటే సరుకు తయారయ్యే పెద్ద పాత్రలు, ఆగవు. మనుషులే మూడు షిఫ్టులుగా మారతారు. ఒక షిఫ్టు మనిషి లేచి వెళ్లాలంటే అతని స్థానంలోకి వచ్చేవాడు, అంటే రిలీవర్, వచ్చి పక్కన నిలబడాలి. ఏ రియాక్టర్‌లో ఏముందో, దేన్ని కనిపెట్టుకుని ఉండాలో నోటితో చెప్పించుకోవాలి. ఆఖరికి గట్టిగా "చార్జ్ నాది, నువ్వు లే" అనాలి. ఆ మాట పడేదాకా పాతవాడు కుర్చీ దిగడు. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు అలాగే కూర్చుంటాడు. పెళ్లాం కాన్పుకి ఆసుపత్రిలో ఉన్నా సరే, కుర్చీ వదలకుండా కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ని నేను చూశాను.

మంచి పద్ధతే. కానీ వీళ్లు కుర్చీతో పాటు కంప్యూటర్‌నీ అలాగే చేతులు మార్చేవారు. ఒకడి పాస్‌వర్డ్‌తో తెరిచిన మిషన్ మీద బ్లాకంతా పనిచేసేది. నేను తిట్టాను, నోటీసులు అంటించాను, ఒకసారి అందరి పాస్‌వర్డ్‌లూ మార్చేసి కూర్చున్నాను. మర్నాటికి అందరూ కలిసి ఒకటే కొత్తది పెట్టుకున్నారు, అదీ నా పేరే. ఏం చెప్తాం!

తేదీ చూడండి

రెండు వేల దశకం చివర్లో ఒక రోజు వర్క్స్ మేనేజర్ మూర్తి గారు నన్ను పిలిచారు. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడేం కాదు. పైవాళ్లంటే చచ్చేంత భయం, ఆ భయాన్ని కిందివాళ్లకు పంచేవారు. వెళ్లగానే తలుపు వేయమన్నారు. ఒక కాగితం నా ముందుకు తోశారు.

"ఇది ఎవరి మెయిల్?"

చూశాను. పంపినవారు మాణిక్యం. మా ప్రొడక్షన్ బ్లాకులో షిఫ్ట్ ఇన్‌చార్జ్. రసాయనాల నీళ్లను శుద్ధి చేయకుండా ట్యాంకర్లో తెచ్చి ఫ్యాక్టరీ వెనక వాగులో ఎప్పుడెప్పుడు వదిలారో, పట్నంలో ఒక లాయరుకు రాసిన ఉత్తరం అది. ఆ లాయరు వాగు దిగువ ఊళ్ల తరఫున అర్జీ వేస్తున్నాడు. పేరైనా కొట్టెయ్యకుండా ఆ మెయిల్‌ను అలాగే అర్జీకి జతచేశాడు. ఏ ఆఫీసులోనుంచో దాని నకలు మూర్తి గారి చేతికొచ్చింది.

"మాణిక్యం రాసిందే కదా సార్."

"తేదీ చూడండి."

చూశాను. మాణిక్యం సెలవులో ఉండగా ముత్తంగి దగ్గర హైవే మీద లారీ కింద పడి చనిపోయాడు. అతని దినాలకు నేనూ మూర్తి గారూ ఒకే జీపులో వెళ్లి వచ్చాం. ఈ ఉత్తరం ఆ తర్వాతది. అందులో ఉన్నది మొన్నటి వారం వదిలిన ట్యాంకర్ సంగతి.

మూర్తి గారు కాగితం వెనక్కి లాక్కున్నారు. "చచ్చినవాడు రాయడు కదండీ. భార్యకి పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది. ఆవిడకి మనం ఇవ్వాల్సిన ఉద్యోగం ఫైలు నా బల్ల మీదే ఉంది. ఇలాంటి మనిషిని తెచ్చి లోపల పెట్టుకోమంటారా?"

"ట్యాంకర్ ఎప్పుడు పోయిందో ఆవిడకెట్లా తెలుస్తుంది సార్?"

"అయితే లోపలివాడు ఒకడున్నాడు. ఆవిడో, వాడో. నాకొక పేరు కావాలి ప్రేమలత గారూ. ఈ వారంలో."

భర్త పోయిన భార్యకు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. మాణిక్యం భార్య సునంద అమీన్‌పూర్ వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. మూడేళ్ల పాప. నేను నోరు మెదపకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. ఇంకో పేరు చెప్తే వాడి ఉద్యోగం పోతుంది, అంతటితో ఆగుతుందన్న నమ్మకం కూడా లేదు.

ముసుగు

ఫ్యాక్టరీలో ఏ కంప్యూటర్ నుంచి ఇంటర్‌నెట్‌లోకి వెళ్లినా నా గదిలోని మిషన్ దాటుకునే వెళ్లాలి. ఎవరు ఏ వెబ్‌సైట్ తెరిచారో అందులో ఉంటుంది. వెతికాను. మాణిక్యం మెయిల్ ఉన్న కంపెనీ గుమ్మం మా ఫ్యాక్టరీ నుంచి ఎవరూ తొక్కలేదు. కానీ ప్రొడక్షన్ బ్లాకులో శాంపిల్ గది కంప్యూటర్ నుంచి అప్పుడప్పుడు ఎక్కడికో, పేరూ ఊరూ లేని చోటికి, ఒక కనెక్షన్ వెళ్తోంది. లోపల ఏం పోతోందో నాకు కనిపించదు. అది ఏమిటో చదివి తెలుసుకోవడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది.

తానెక్కడున్నాడో తెలియనివ్వకుండా ఇంటర్‌నెట్ వాడుకునే నెట్‌వర్క్ అది. నేను దాన్ని ముసుగు అంటాను. మీ మాట మూడు చేతులు మారి వెళ్తుంది. పాత రోజుల్లో పటాన్‌చెరు నుంచి ట్రంక్ కాల్ మూడు ఎక్స్ఛేంజీలు దాటినట్టే. తేడా ఒక్కటే, ఇక్కడ ఏ ఆపరేటరూ ఎవరినీ ఏమీ అడగదు. మొదటి చేతికి మీరెవరో తెలుసు, ఎక్కడికి పోతున్నారో తెలియదు. ఆఖరి చేతికి మీరెక్కడికి పోతున్నారో తెలుసు, మీరెవరో తెలియదు. ఆఖరి చెయ్యి ఏ దేశంలో ఉంటే, అవతలి మెయిల్ కంపెనీకి మీరు ఆ దేశంలో ఉన్నట్టే కనిపిస్తారు. అందుకే ఆ కంపెనీలకు ముసుగంటే పడదు. వంకర అక్షరాలు చూపించి చదవమంటాయి, ఒక్కోసారి తలుపే తెరవవు.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ముసుగు వేసుకుని వెళ్లి మీ సొంత మెయిల్‌బాక్స్ తెరిచారనుకోండి. ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు జవాబు దాచారు. ఎవరు అన్న ప్రశ్నకు మీ చేత్తో మీరే టైపు చేసి జవాబిచ్చారు. మాణిక్యం అదే చేశాడు. ఫ్యాక్టరీ కళ్లకు కనపడకూడదని ముసుగు వేసుకున్నాడు, లోపలికెళ్లి సొంత పేరుతో ఉత్తరం రాశాడు. ఇప్పుడు అతను లేడు. ఆ పేరుతో ఇంకెవరో వెళ్తున్నారు. శాంపిల్ గది కంప్యూటర్ బ్లాకందరిదీ, పాస్‌వర్డ్ అందరిదీ, అందులో ఎవరి పేరూ ఉండదు. ఇన్నేళ్లూ నేను తిట్టిన పద్ధతే ఆ మనిషిని దాస్తోంది.

సునంద

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి సునంద గడపలో కూర్చుని ఉంది. మాణిక్యం బతికున్నప్పుడు ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో రెండుసార్లు కలిశాం, అంతే. మనిషి సగమైపోయింది. చేతిలో పాత సెల్‌ఫోన్.

"ఇది ఆయనది అక్కా. నేను చార్జింగ్ పెడ్తనే ఉన్న. ఎవరన్న చేస్తరని కాదు, ఊకెనే. మొన్న మధ్యాహ్నం పాపకు అన్నం తినిపిస్తుంటే గూట్ల ఉన్నదున్నట్టే వణికింది." మెసేజ్ తెరిచి చూపించింది. మీ మెయిల్‌ను కొత్త దేశం నుంచి తెరిచారు, అది మీరేనా అని మెయిల్ కంపెనీ అడుగుతోంది. ఇలాంటివి మాణిక్యానికీ వచ్చి ఉంటాయి, చెరిపేసుకుని ఉంటాడు.

"నీకు పాస్‌వర్డ్ తెలుసా?"

"తెల్సు. పాప పేరే. అక్కా, నేను ఎవ్వరికి చెప్పలే. ఆయన పోయినంక నేను ఆయనకు మెయిళ్లు రాస్తున్న. నా దాంట్లకెల్లి ఆయన దాంట్లకు. పాప ఏమన్నది, అత్తమ్మ ఏమన్నది, గివే. నవ్వకు."

నేనెందుకు నవ్వుతాను! ఇద్దరం బస్టాండు పక్క నెట్ సెంటర్‌కి వెళ్లాం. ఎండ మాడ్చేస్తోంది. లోపల చెక్క అరల మధ్య ఎవరో కుర్రాళ్లు ఆటలాడుకుంటున్నారు. సునంద మాణిక్యం మెయిల్ తెరిచింది. చదవని ఉత్తరాలు లావు అక్షరాల్లో ఉంటాయి, చదివినవి సన్నగా మారతాయి, మీకు తెలిసిందే. ఆమె రాసినవన్నీ వరసగా ఉన్నాయి. అన్నీ సన్నగా ఉన్నాయి.

"సూసినవా అక్కా? నేను తెరవలే. ప్రతి ఒక్కటి ఎవరో సదివిన్రు."

పేజీ అడుగున చిన్న లంకె ఉంటుంది. ఆ మెయిల్‌ను ఈ మధ్య ఎక్కడెక్కడి నుంచి తెరిచారో చూపిస్తుంది. నొక్కాను. జర్మనీ. రొమేనియా. హాలండ్. మళ్లీ జర్మనీ. స్వీడన్. అన్నీ మాణిక్యం పోయిన తర్వాతివే.

సునంద ఆ పేర్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. ఆయన ఎప్పుడూ పాస్‌పోర్ట్ కూడా తీసుకోలేదని తనలో తనే అనుకుంది. తర్వాత నావైపు తిరిగి, బడిలో పిల్ల టీచర్ని అడిగినట్టు అడిగింది: "సచ్చిపోయినోళ్లు గంత దూరం పోతరా అక్కా?"

ముసుగు సంగతి చెప్పొచ్చు. కానీ అప్పుడు నా కళ్లు దేశాల పేర్ల మీద లేవు, పక్కన ఉన్న టైముల మీద ఉన్నాయి. కొన్ని రోజులు వరసగా మొదటి షిఫ్టు దిగే వేళ. తర్వాత రెండోది దిగే వేళ. తర్వాత తెల్లారి రాత్రి షిఫ్టు దిగే వేళ. మళ్లీ మొదటిది. మధ్యలో వారానికొక ఖాళీ, వీక్లీ ఆఫ్. మా నోటీసు బోర్డు మీద ఉండే షిఫ్టుల వరస నాకు కంఠతా వచ్చు. ఆ బ్లాకులో ఆ వరసలో తిరిగే ఇన్‌చార్జ్ ఒక్కడే. మాణిక్యానికి రిలీవర్‌గా వచ్చే విఠల్.

ముసుగు దేశాన్ని మార్చింది కానీ గడియారాన్ని మార్చలేదు. అది తెలిసిన క్షణంలో నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. నాకు తెలిసింది ఇంకెవరికైనా తెలియొచ్చు. సునందతో "జెర ఆగు తల్లీ, కనుక్కుని చెప్త. దయ్యం కాదు, అంతవరకు నమ్ము" అన్నాను. ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు ప్రింట్ తీసుకోవచ్చా అని అడిగితే సరేనంది.

విఠల్

జహీరాబాద్ వైపు పిల్లవాడు. పిల్లవాడంటున్నాను కానీ ముప్పై దాటినవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. మర్నాడు క్యాంటీన్ వెనక చింతచెట్టు కింద టీ తాగుతుంటే పక్కన కూర్చుని, చుట్టూ ఎవరూ లేరని చూసి, "జర్మనీల చలి ఎట్లుంది విఠల్?" అన్నాను.

గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆయన లీవ్ పోయే రోజు చార్జ్ ఇచ్చిండు మేడమ్. ఫలానా రియాక్టర్ జెర సూడు, ఫలానా వాల్వ్ సూడు అనుకుంట, అండ్లనే ఇది కూడ చెప్పిండు. లాయర్ సాబ్ కాడికెల్లి మెయిల్ వస్తది, నేను వచ్చేదాక నువ్వు సూడు, ట్యాంకర్ పోయినప్పుడల్ల రాయి, పాస్‌వర్డ్ ఇది అన్నడు. ఎవ్వరికి కనవడకుంట నెట్‌లకు ఎట్ల పోవాల్నో సూపెట్టిండు. నేను చార్జ్ నాది అన్న. ఆయన లేచిపోయిండు. ఇగ రాలే."

"రాకపోతే వదిలెయ్యాలె గదా. నీకు పెండ్లాం పిల్లలు లేరా? మూర్తి సార్ నీకోసం పరేషాన్ అయితున్నడు, ఎరికేనా?"

"నాకు రిలీవర్ రాలే మేడమ్," అన్నాడు, నేనేదో తెలియనట్టు అడిగానన్నట్టు. "ఎట్ల లేస్త?"

నాకు కోపం వచ్చింది. మెయిల్‌బాక్స్ రియాక్టరా, వదిలేస్తే పేలిపోవడానికి! అదే మాట అన్నాను. తల వంచుకుని విన్నాడు. "లాయర్ ఉత్తరాలు సదువుకో, సరే. ఆమె రాసినవి ఎందుకు తెరిచినవ్? మొగనికి రాసుకున్నది. నీకు శరం లేదా?"

అతని కళ్లు ఎర్రబడ్డాయి. "మొదట తెరవలే మేడమ్. మీ ఏసు మీద ఒట్టు, మీ మీద ఒట్టు. లావు అక్షరాలు మీద మీద పడుతున్నయి. తెరిచినప్పుడల్ల ఫోన్ మోగినట్టే, ఎవ్వరు ఎత్తకపోతే మోగుతనే ఉంటది గదా. ఒక్కటి తెరిచిన. జవాబు రాసేటంత మొగోణ్ని కాను. జెర సదివితె ఆమెకు ఎవరో ఉన్నరని అనిపిస్తదేమో అనుకున్న."

మూతపడ్డ బ్లాకులోంచి వచ్చిన ఆ బుసబుస, మేరమ్మ గారి గొంతు, రెండూ ఒకేసారి నా చెవిలో వినిపించాయి. ఇంక తిట్టలేకపోయాను. టైముల సంగతి మాత్రం గట్టిగా చెప్పాను: ముసుగు నీ ఊరు దాస్తుంది, నీ షిఫ్టును దాచదు, ఇకనుంచి ముట్టుకోకు. సునందకు చెప్పడానికి ఒప్పుకోమన్నాను. తలూపాడు.

మూర్తి గారు చదివిన కాగితం

వారం ముగిసే రోజు ప్రింట్ తీసుకుని మూర్తి గారి గదికి వెళ్లాను. చెప్పడానికి నా దగ్గర అబద్ధం ఏదీ లేదు, నాకు అంత తెలివి లేదు. కాగితం బల్ల మీద పెట్టాను. "ఆ మెయిల్ ఎక్కడెక్కడి నుంచి తెరిచారో ఆ కంపెనీయే చూపించింది సార్. నేను చేర్చిందేమీ లేదు."

ఒకవైపు దేశాలు, పక్కన టైములు. ఆ టైముల వరసను చూస్తే మా గేటు దగ్గర వాచ్‌మన్ కూడా విఠల్ పేరు చెప్పేస్తాడు. మూర్తి గారి కళ్లు ఎటు వెళ్తాయో అని నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. ప్రభువా, ఎడమ పక్కే చదివించు అనుకున్నాను.

ఆయన జన్మలో షిఫ్టు చేయలేదు. చేరిన రోజు నుంచి పగటి పూట జనరల్ డ్యూటీయే. టైముల వైపు చూడనే లేదు.

"జర్మనీయా?" అన్నారు. మొహంలో నెత్తురు లేదు.

మా సరుకు ఎక్కువగా కొనేది ఒక జర్మన్ కంపెనీ. ఆ కంపెనీ ఆడిటర్లు త్వరలో రావాల్సి ఉంది. మా పారిశ్రామికవాడలో మేనేజర్లు ఇక్కడి ఆఫీసులకు భయపడరు, కొనేవాడి ఆడిటర్‌కు భయపడతారు. వాడు బాగాలేదని రాసేస్తే ఫ్యాక్టరీకి తాళమే.

"అంటే... ఆడిట్ వాళ్లు? మాణిక్యం బతికుండగానే వాళ్లకి తాళంచెవి ఇచ్చేశాడా? హాలండ్‌లో కూడా వాళ్ల ఆఫీసు ఉంది కదా. ప్రేమలత గారూ, ఇది నిజంగా అక్కడినుంచే తెరిచారా?"

"ఆఖరి కనెక్షన్ అక్కడిదే సార్."

అది నిజం. మొదటి కనెక్షన్ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇనుడు మన పని, మోసుడు మన పని గాదు.

"అయితే లోపల ఉన్నవాడు వాళ్ల మనిషే," అని కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "వాణ్ని కదిపితే ఆర్డర్లు పోతాయి. ఎవర్నీ ఏమీ అడగొద్దు. ఈ కాగితం చించేయండి. ఆ అమ్మాయి ఉద్యోగం ఆర్డరు ఈరోజే టైపు చేయించండి. ఇవ్వకపోతే బయట ఇంకేం మాట్లాడుకుంటారో."

ఆ సాయంత్రం నుంచే శుద్ధి ప్లాంటు మోటార్లు నడవడం మొదలైంది. అంతకుముందు అవి ఎవరైనా చూడటానికొస్తే తప్ప నడిచేవి కావు. ఎవరూ లేని దేశాల పేర్లు చూసి ఒక పెద్ద మనిషి వణికిపోవడం నేను చూశాను. నవ్వు రావాలి కానీ రాలేదు. మోటార్ల చప్పుడు వింటుంటే, చచ్చిపోయిన మాణిక్యమే వచ్చి స్విచ్ వేశాడనిపించింది.

చార్జ్ నాది

ఉద్యోగం ఆర్డరు తీసుకుని నేనే సునంద ఇంటికి వెళ్లాను. ముందు విఠల్ సంగతి చెప్పాను. ముసుగు అంటే ఏమిటో, మూడు చేతులు అంటే ఏమిటో, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. విఠల్‌ను తిడుతుందనుకున్నాను. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నట్టు కాసేపు చూసింది. తర్వాత మొహం చీర కొంగులో దాచుకుని ఏడ్చింది. దినాల రోజున కూడా అలా ఏడవలేదు.

"జర్మనీ అన్నా బాగుండె అక్కా," అంది. "ఎక్కడ్నో ఉన్నడనుకున్న. ఇగ లేడన్నట్టే గదా."

నేను పక్కన కూర్చున్నాను. పాప వచ్చి తల్లి ఒళ్లో దూరింది. చాలాసేపటికి కొంగు తీసి ముక్కు తుడుచుకుని, "విఠలన్న ఏమన్నడు? ఎందుకు చేసిండట?" అని అడిగింది. నాకు రిలీవర్ రాలేదన్నాడని చెప్పాను.

ఆమె షిఫ్టు మనిషి భార్య. ఎన్నిసార్లు వండిన కూర చల్లారబెట్టుకుని ఆ మాట విన్నదో. ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. సునంద పుట్టినూరు ఆ వాగు దిగువనే. వాళ్లమ్మ ఇంటి బోరులో ఎర్రటి నీళ్లు వస్తాయి. మాణిక్యం ఆ ఉత్తరాలు మొదలుపెట్టింది ఆ నీళ్లు చూసే.

ఆర్డరు కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకుంటే నేను లాయర్‌కు ఏం రాయలేను అక్కా. బడి జీతం సాలకున్నా ఎట్లనో ఎల్లదీస్త. నెట్ సెంటర్ కాడికి నాతోని రా."

నేను వద్దన్నాను. పాపను చూపించి మరీ వద్దన్నాను, బతిమాలాను, కోప్పడ్డాను. వినలేదు. ఇప్పటికీ, ఆమె చేసింది తెలివైన పనో కాదో నాకు తెలియదు.

అదే చెక్క అర, అదే కుర్చీ. సునంద తన మెయిల్‌లోంచి మాణిక్యానికి ఒక ఉత్తరం రాసింది. ఎప్పటిలా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. పక్కన కూర్చున్నాను కాబట్టి చూశాను:

"విఠలన్నా, చార్జ్ నాది. నువ్వు లే."

విఠల్‌కు నేను ఫోన్ చేసి చెప్పాను, ఒక్కసారి తెరిచి చూసుకోమని, ఆఖరిసారి అని. మర్నాడు సునంద మళ్లీ తెరిచింది. ఆ లావు అక్షరాలు సన్నబడి ఉన్నాయి. అడుగున, జర్మనీ. టైము మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగే వేళ.

అప్పుడు ఆమె పాస్‌వర్డ్ మార్చింది. ఏం పెట్టిందో నేను చూడలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాను. లాయరుకు తన పేరుతో, తన ఊరి పేరుతో ఉత్తరం రాసింది. ముసుగు లేదు.

శుద్ధి ప్లాంటు మోటార్లు ఆడిట్ అయ్యేదాకా నడిచాయి, తర్వాత కొన్నాళ్లు నడిచి కొన్నాళ్లు ఆగాయి. అర్జీ మీద సునంద సంతకం ఉంది, అది నడుస్తూనే ఉంది. విఠల్ అదే బ్లాకులో పనిచేశాడు. నేను రిటైరయ్యే ముందు రోజు వరకూ సునంద అప్పుడప్పుడు నెట్ సెంటర్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేజీ అడుగున ఉన్న లంకె నొక్కి చూపించేది. పైనుంచి కింది దాకా ఒకటే పేరు: ఇండియా, ఇండియా, ఇండియా.